లోపం బిడ్డలోనా, మన మధ్యనా?

(గోపాలపట్నంలో చేసిన శుక్రవారపు ప్రసంగ పాఠం)

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. మనల్ని ఒంటరిగా వదలక, తల్లి ఒడిని, తండ్రి నీడను, తోబుట్టువుల తోడును ప్రసాదించినవాడు ఆయనే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి, శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా, తెర వెనుక కూర్చుని వింటున్న తల్లులారా, సోదరీమణులారా!



ఈ రోజు మా పొరపాటు ఒకటి మీ ముందు ఒప్పుకుని ప్రసంగం ప్రారంభిస్తున్నాము. ఇందులోని కుటుంబం అనుమతి తీసుకుని, వారెవరో తెలియకుండా ఆనవాళ్లు మార్చి చెబుతున్నాము. దయచేసి ఎవరూ ఆరా తీయవద్దు.

కొంతకాలం క్రితం ఇషా నమాజు ముగిసిన తరువాత ఒక తండ్రి తన కొడుకును వెంటబెట్టుకుని మా వద్దకు వచ్చాడు. ఆయనది షిఫ్టు పని. కొడుకు ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. పదో తరగతి వరకు మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడు. రెండు నెలలుగా కాలేజీకి సరిగా వెళ్లడం లేదు. ఉదయం లేవగానే కడుపునొప్పి అంటాడు. రాత్రంతా ఫోను చూస్తాడు. ఏమైనా అడిగితే తలుపు వేసుకుంటాడు. "ఇమాం సాబ్, వీడికి మీరే రెండు మాటలు చెప్పండి. మా మాట వినడం మానేశాడు. ఏదైనా చదివి ఊదండి" అని ఆ తండ్రి ప్రాధేయపడ్డాడు.

మేము రెండు మాటలు చెప్పాము. నిజానికి అరగంట చెప్పాము. తల్లిదండ్రుల హక్కులు, కాలం విలువ, ఫోను వల్ల కలిగే కీడు, అన్నీ వివరించాము. పిల్లవాడు తల వంచుకుని విన్నాడు. చివరకు "సరే" అన్నాడు. తండ్రి మా చేయి పట్టుకుని కృతజ్ఞతలు చెప్పాడు. మేము తృప్తిగా ఇంటికి వెళ్లాము.

వారం తిరగకముందే ఆ పిల్లవాడు రాత్రివేళ ఇంటి నుండి వెళ్లిపోయాడు. తెల్లవారుజామున సింహాచలం స్టేషన్ ప్లాట్‌ఫారం చివర బెంచీపై ఒంటరిగా కూర్చుని కనిపించాడు. అల్లాహ్ దయ వల్ల ప్రాణాలతో దొరికాడు. ఆ వార్త విన్నప్పుడు మాకు ఒక్క విషయమే గుర్తుకు వచ్చింది. ఆ అరగంటలో మేము ఆ బిడ్డను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తండ్రి లోపమంతా కొడుకులోనే ఉందని చెప్పాడు. మేమూ విచారించకుండానే అదే తీర్పు ఇచ్చాము.

సోదరులారా! ఖుర్ఆన్‌లో ఒక ఇంటి కథను అల్లాహ్ ఒకే సూరాలో మొదటి నుండి చివరి వరకు వివరించాడు. అది హజ్రత్ యాఖూబ్ (అ) గారి ఇల్లు. ఇంట పుట్టిన అన్నలే తమ్ముణ్ణి బావిలో పడవేశారు. తండ్రి ఏడ్చి ఏడ్చి చూపు కోల్పోయాడు. ఏళ్లు గడిచాయి. చివరకు అందరూ ఈజిప్టులో ఒక్కచోట చేరినప్పుడు, హజ్రత్ యూసుఫ్ (అ) తన తండ్రితో పలికిన మాటలను సూరా యూసుఫ్ నూరవ ఆయతులో గమనించండి. తనను చెరసాల నుండి వెలికితీసినందుకు ఆయన అల్లాహ్‌ను కొనియాడారు. బావి ప్రస్తావన మాత్రం తీసుకురాలేదు. అన్నలు అక్కడే నిలబడి ఉన్నారు గనుక వారు సిగ్గుపడకూడదని ఆ మాట విడిచిపెట్టారని వ్యాఖ్యాతలు రాశారు. ఆ తరువాత, అన్నలు తనకు కీడు చేశారని కూడా ఆయన అనలేదు. తనకూ తన సోదరులకూ మధ్య షైతాన్ కలహం రేపాడని మాత్రమే అన్నారు.

'మధ్య' అన్న ఆ పదాన్ని గుర్తుంచుకోండి. బావిలోకి తోసినవారెవరో యూసుఫ్ (అ)కు తెలియక కాదు. నేరం చేసినవారు తప్పు ఒప్పుకున్నారు, క్షమాపణ కోరారు, పొందారు. అయినా ఇల్లు మళ్లీ ఒక్కటయ్యే వేళ, చెడిపోయినది తమ మధ్యనున్న బంధమని ఆయన చెప్పారు. బంధం బాగుపడితే మనుషులు బాగుపడే దారి దొరుకుతుంది.

ఇదే మెలకువతో పనిచేసే ఒక చికిత్సా విధానం నేడు ఉంది. దానిని ఫ్యామిలీ థెరపీ, అంటే కుటుంబ చికిత్స అంటారు. 1950లు, 60లలో అమెరికాలో కొందరు మానసిక వైద్యులు ఒక విషయం గమనించారు. ఆస్పత్రిలో నెమ్మదించిన పిల్లవాడు ఇంటికి తిరిగి వెళ్లగానే మళ్లీ మొదటి స్థితికి వస్తున్నాడు. కాబట్టి పిల్లవాడిని ఒక్కడినే కాక ఇంటిల్లిపాదినీ ఒకే గదిలో కూర్చోబెట్టి మాట్లాడించడం మొదలుపెట్టారు. సాల్వడార్ మినూచిన్ అనే వైద్యుడు న్యూయార్క్‌లోని పేద కుటుంబాల పిల్లలతో పనిచేస్తూ ఈ విధానాన్ని ఎంతో అభివృద్ధి చేశాడు.

ఇది మన దేశానికి కొత్తదేమీ కాదు. అదే 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆస్పత్రి ఆవరణలోనే డేరాలు వేయించి, రోగులతోపాటు వారి కుటుంబీకులను కూడా ఉంచుకున్నారు. వారికి వ్యాధి గురించి వివరించారు, సేవలో భాగస్వాములను చేశారు. తరువాత వెల్లూరులోని క్రైస్తవ వైద్య కళాశాలలోనూ, బెంగళూరు నిమ్‌హాన్స్‌లోనూ కుటుంబాన్ని వెంట ఉంచుకుని వైద్యం చేసే పద్ధతి స్థిరపడింది. రోగి వెంట నలుగురు బంధువులు వెళ్లడం మన ఇళ్లలో సహజం. ఆ వైద్యులు ఆ నలుగురినీ బయట వరండాలో కూర్చోబెట్టకుండా లోపలికి పిలిచారు.

ఇక మనం చెప్పుకుంటున్న పిల్లవాడి విషయానికి వద్దాం. వైద్యులు పరీక్షించి కడుపులో వ్యాధి ఏదీ లేదని తేల్చారు. నొప్పి నటన కాదని, మనసులోని భయం శరీరంలో నొప్పిగా బయటపడడం పిల్లల్లో తరచుగా జరిగేదేనని చెప్పి, ఇంటిల్లిపాదినీ కౌన్సెలర్ వద్దకు పంపారు. తండ్రి, తల్లి, కొడుకు, తొమ్మిదేళ్ల చెల్లెలు నలుగురూ వెళ్లారు. అక్కడ ఎవరికీ ఉపదేశం దొరకలేదు. ప్రతి ఒక్కరినీ ప్రశ్నలు అడిగారు. ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవారు అడ్డు తగలకుండా వినాలన్నది ఒక్కటే నియమం.

మొదటి రోజు తండ్రి కొడుకు తప్పులు చెప్పాడు. తల్లి కన్నీళ్లు పెట్టుకుంది. పిల్లవాడు పెదవి విప్పలేదు. రెండవసారి కౌన్సెలర్ ఆ చిన్నపిల్లను అడిగింది: "అన్నయ్యకు కడుపునొప్పి వచ్చినప్పుడు ఇంట్లో ఏం జరుగుతుంది, తల్లీ?" ఆ పిల్ల దాచుకోకుండా చెప్పింది: "అబ్బా, అమ్మీ అప్పు గురించి గొడవ పడుతుంటారు. అన్నయ్యకు నొప్పి వస్తే గొడవ ఆపేసి ఇద్దరూ వాడి దగ్గరకు వస్తారు."

గదిలో ఎవరూ మాట్లాడలేదట. ఆ తండ్రి మాతో ఈ మాట చెబుతూ చాలాసేపు తల ఎత్తలేకపోయాడు. బంధువుల పెళ్లికి చేసిన అప్పు గురించి భార్యాభర్తలు రోజూ వాదించుకునేవారు. తండ్రి నైట్ షిఫ్టు ముగించుకుని వచ్చే ఉదయపు వేళే ఆ వాదన జరిగేది. పిల్లవాడికి నొప్పి వచ్చేదీ ఆ వేళకే. తాను కాలేజీకి వెళ్లిపోతే ఇంట్లో ఏమవుతుందోనన్న భయాన్ని ఆ పదహారేళ్ల బిడ్డ తన శరీరంలో మోస్తున్నాడు. తాను మోస్తున్నది ఏమిటో అతనికే తెలియదు. మేము అతనికి తల్లిదండ్రుల హక్కుల గురించి బోధించాము. అతడు తన చేతనైన విధంగా ఆ ఇద్దరినీ కలిపి ఉంచడానికే ప్రయత్నిస్తున్నాడు.

కుటుంబ చికిత్స చేసే మొదటి పని ఇదే. ఎవరి తప్పు ఎంత అని తూచదు. ఇంట్లో ఒకరి ప్రవర్తన మరొకరి ప్రవర్తనకు ఎలా కారణమవుతున్నదో అందరికీ కనిపించేలా చేస్తుంది. కొడుకు తలుపు వేసుకుంటాడు, తండ్రి కేకలు వేస్తాడు, కేకలు విని కొడుకు తలుపు మరింత గట్టిగా బిగిస్తాడు. ఇద్దరూ ఎదుటివాడే మొదలుపెట్టాడని నమ్ముతారు. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట ఆపాలి. అందుకు చిన్న చిన్న పనులు అప్పగిస్తారు. ఆ కుటుంబానికి మూడు పనులు చెప్పారు. అప్పు మాటలు పిల్లలు లేనప్పుడు, వారానికి ఒకసారి, కాగితంపై లెక్క రాసుకుని మాట్లాడుకోవాలి. తల్లి తన బాధను భర్తకే చెప్పాలి, కొడుకును మధ్యవర్తిని చేయకూడదు. తండ్రి రోజుకు పావుగంట కొడుకుతో గడపాలి, కాని ఆ పావుగంటలో మార్కుల గురించి, కాలేజీ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకూడదు. అన్నిటికంటే ఈ మూడవదే కష్టమైందని ఆ తండ్రి మాతో అన్నాడు.

కొందరు ఇలా అడుగుతారు: "ఇంటి గుట్టు పరాయివారి ముందు విప్పవచ్చునా? ధర్మం దీనికి అనుమతిస్తుందా?"

సూరా నిసా ముప్పై అయిదవ ఆయతును చూడండి. భార్యాభర్తల మధ్య సంబంధం చెడిపోతుందని భయం కలిగితే, భర్త వైపు నుండి ఒకరిని, భార్య వైపు నుండి ఒకరిని మధ్యవర్తులుగా నియమించమని అల్లాహ్ ఆదేశించాడు. ఆ ఇద్దరూ సంస్కరణను కోరుకుంటే వారి మధ్య సామరస్యం కలిగిస్తానని హామీ ఇచ్చాడు. అంటే ఇంట్లో ముడిపడినదాన్ని విప్పడానికి తెలివైన మూడవ మనిషి సాయం తీసుకోవడం సాక్షాత్తూ ఖుర్ఆన్ చూపిన మార్గం. ఇద్దరికీ సమానంగా చెవి ఇవ్వాలన్న న్యాయం కూడా అందులోనే ఉంది.

దైవప్రవక్త (స) తన కుమార్తె ఇంట్లో ఎలా ప్రవర్తించారో బుఖారీ, ముస్లిం గ్రంథాలలో నమోదైంది. ఒకనాడు ఆయన హజ్రత్ ఫాతిమా (రజి) ఇంటికి వెళ్లగా హజ్రత్ అలీ (రజి) అక్కడ లేరు. తమ మధ్య ఏదో జరిగిందని, ఆయన కోపగించి వెళ్లిపోయారని ఆమె చెప్పారు. ఏం జరిగిందని ప్రవక్త (స) తరచి అడగలేదు. కూతురి పక్షం వహించి అల్లుణ్ణి నిందించలేదు. అలీ (రజి) మస్జిదులో పడుకుని ఉన్నారని తెలిసి తానే వెళ్లారు. ఆయన పైవస్త్రం జారి వీపుకు మట్టి అంటుకుని ఉంది. ప్రవక్త (స) తన చేతితో ఆ మట్టి దులిపి, 'అబూ తురాబ్', అంటే మట్టి మనిషీ అని ముద్దుగా పిలిచి లేపారు. ఆ పేరు అలీ (రజి)కి జీవితాంతం అత్యంత ప్రియమైనదిగా నిలిచింది. మామగారలారా, అత్తగారలారా! బిడ్డల కాపురంలో కలత వచ్చిందని తెలిసినప్పుడు మనం ముందుగా మట్టి దులుపుతున్నామా, మట్టి పోస్తున్నామా?

ఇక గుట్టు సంగతి. హింద్ బిన్తె ఉత్బా (రజి) ప్రవక్త (స) వద్దకు వచ్చి, భర్త అబూ సుఫ్యాన్ ఇంటి ఖర్చుకు సరిపడా ఇవ్వడం లేదని మొరపెట్టుకున్నారు. భర్తను గూర్చి పరోక్షంగా మాట్లాడుతున్నావని ప్రవక్త (స) ఆమెను వారించలేదు. విని మార్గం చూపారు. పరిష్కారం కోరుతూ తగిన వ్యక్తి ముందు బాధ చెప్పుకోవడం పరోక్షనింద కాదని ధర్మవేత్తలు ఈ హదీసు ఆధారంగా వివరించారు. పైగా కౌన్సెలర్‌కు చెప్పినది అమానత్. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా రోగి వివరాల గోప్యతను అతని హక్కుగా గుర్తించింది. ఇరుగుపొరుగు గుమ్మాల దగ్గర చెప్పుకున్న మాట ఎన్ని వీధులు తిరుగుతుందో మనకు తెలుసు. పరువు పోయేది ఎక్కడో మీరే ఆలోచించండి.

మరికొందరు దీనిని తవక్కుల్‌కు వ్యతిరేకం అనుకుంటారు. వైద్యం చేయించుకోవచ్చునా అని పల్లెవాసులు అడిగినప్పుడు, చేయించుకోమనీ, వృద్ధాప్యం తప్ప ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు సృష్టించాడనీ ప్రవక్త (స) చెప్పారు. తిర్మిజీ, అబూ దావూద్ గ్రంథాలలో ఈ హదీసు ఉంది. మనసుకు వచ్చిన వ్యాధిని ఆయన దీని నుండి మినహాయించలేదు. దుఆ చేయండి, ఖుర్ఆన్ పారాయణం చేయండి, దానితోపాటు వైద్యుణ్ణి కూడా కలవండి.

సోదరులారా! మన గోపాలపట్నం వారికి ఈ విషయం ఇంకా లోతుగా తెలియాలి. 2020 మే 7వ తేదీని ఎవరం మరువగలం? అది రమజాన్ మాసం, లాక్‌డౌన్ కాలం. తెల్లవారుజామున, కొన్ని ఇళ్లలో సహరీ కోసం లేచే వేళకు, ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ వాయువు వ్యాపించింది. నిద్రలో ఉన్నవారు నిద్రలోనే, పరుగెత్తుతున్నవారు దారిలోనే కూలిపోయారు. పన్నెండు మంది మరణించారు. వందలాది మంది ఆస్పత్రుల పాలయ్యారు. ఎవరు ఏ మతం వారని చూడకుండా ఒకరినొకరు భుజాన వేసుకుని మోసిన రాత్రి అది.

ఊపిరితిత్తులకు వైద్యం జరిగింది. ఆ రాత్రి పిల్లల మనసుల్లో ఏం మిగిలిందని ఎన్ని ఇళ్లలో అడిగాము? ఇలాంటి విపత్తు తరువాత పిల్లలు నిద్రలో ఉలిక్కిపడడం, పక్క తడపడం, తల్లి కొంగు వదలకపోవడం, ఏదైనా ఘాటైన వాసన తగిలితే వణికిపోవడం సహజం. ఒకే ఇంట్లో నలుగురు ఒకే రాత్రిని నాలుగు విధాలుగా మోస్తారు. తండ్రి ఆ మాట ఎత్తనివ్వడు. తల్లి మాటిమాటికీ తలుపులు చూసుకుంటుంది. పెద్దలు మాట్లాడని విషయం మాట్లాడకూడనిదని పిల్లలు గ్రహించి, తమ భయాన్ని లోపలే దాచుకుంటారు. కుటుంబ చికిత్సలో ఆ నలుగురినీ కూర్చోబెట్టి, ఆ రాత్రి ఎవరికి ఏం జరిగిందో ఒకరి మాట మరొకరు వినేలా చేస్తారు. నాన్న కూడా భయపడ్డాడని, అయినా తనను ఎత్తుకుని పరుగెత్తాడని బిడ్డకు తెలుస్తుంది. పిల్లవాడి ధైర్యం తల్లిదండ్రుల ముఖంలో ఉంటుంది. పెద్దలకు ఊరట దొరికితేనే పిల్లలకూ దొరుకుతుంది.

మీ కొరకూ, మా కొరకూ, సమస్త ముస్లిముల కొరకూ అల్లాహ్ క్షమాపణను వేడుకుంటున్నాము. మీరూ వేడుకోండి. నిశ్చయంగా ఆయన క్షమించేవాడు, కరుణామయుడు.

రెండవ ఖుత్బా

స్తోత్రాలన్నీ అల్లాహ్‌కే. ఆయన ప్రవక్త (స) పై దరూద్, సలాములు.

సోదర సోదరీమణులారా! ఇప్పుడు ఆచరణకు సంబంధించిన కొన్ని మాటలు.

మొదటిది, సంతానం మధ్య న్యాయం. హజ్రత్ బషీర్ (రజి) తన కుమారుడు నూమాన్‌కు ఒక కానుక ఇచ్చి ప్రవక్త (స)ను సాక్షిగా ఉండమని కోరారు. మిగిలిన బిడ్డలకూ ఇలాగే ఇచ్చావా అని ఆయన అడిగారు. లేదని తెలిసి సాక్ష్యానికి నిరాకరించారు, అల్లాహ్‌కు భయపడి బిడ్డల మధ్య న్యాయం చేయమన్నారు. కానుకలోనే ఇంత జాగ్రత్త ఉంటే, ఒకరి మార్కులు చూపి మరొకరిని కించపరిచే మాటల లెక్క ఎంత ఉంటుందో ఆలోచించండి.

రెండవది, పిల్లల చిన్న దుఃఖాన్ని చిన్నచూపు చూడకపోవడం. హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్‌కు ఒక చిన్న పిట్ట ఉండేది. ఆ బాలుణ్ణి చూసినప్పుడు ప్రవక్త (స) ఆ పిట్ట ఏమైందని అడిగేవారు. ఒక సమాజాన్ని నడిపిస్తున్న మహనీయునికి ఒక పిల్లవాడి పిట్ట గుర్తుండేది. మన బిడ్డ స్నేహితుల పేర్లు మనకు తెలుసా?

మూడవది, అవసరమైనప్పుడు ఆలస్యం చేయకండి. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలను 'పిచ్చాసుపత్రి' అని పిలిచి భయపడే అలవాటు మానుకుందాం. అది మన పన్నులతో నడిచే, మన కొరకు ఉన్న ఆస్పత్రి. అంత దూరం వెళ్లే ముందు మాట్లాడాలనుకుంటే 14416కు ఫోను చేయండి. అది 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ. ఉచితం, రాత్రింబగళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లలు ఆపదలో ఉంటే 1098, స్త్రీలు ఆపదలో ఉంటే 181. ఈ నంబర్లను మస్జిదు నోటీసు బోర్డుపై కూడా రాయించాము.

నాలుగవ మాటను పురుషులు శ్రద్ధగా వినాలి. చేయి చేసుకునే ఇంట్లో, అందరినీ ఒకేచోట కూర్చోబెట్టి మాట్లాడించడం మొదటి పని కాదు. కొట్టినవాడి ఎదుట దెబ్బతిన్నవారు నిజం చెప్పలేరు, చెబితే ఇంటికి వెళ్లాక ముప్పు. అక్కడ ముందుగా కావలసింది రక్షణ. సహనం పేరుతో ఏ స్త్రీనీ, ఏ బిడ్డనూ ఆ ముప్పులోకి తిరిగి పంపకండి. విడిపోయిన భర్త ముగీస్ కన్నీళ్లు చూసి ప్రవక్త (స) జాలిపడి, అతణ్ణి తిరిగి స్వీకరించమని బరీరా (రజి)కు సూచించారు. అది ఆజ్ఞా అని ఆమె అడిగారు. కాదు, సిఫారసు మాత్రమేనన్నారు. ఆమె ఒప్పుకోలేదు, ఆయన ఆమె నిర్ణయాన్ని గౌరవించారు. ప్రవక్తే బలవంతం చేయని చోట మస్జిదు కమిటీలు, పెద్దమనుషులు బలవంతం చేయడానికి మనమెవరం?

చివరగా ఆ కుటుంబం సంగతి. వారి కష్టాలన్నీ తీరిపోయాయని చెప్పలేము. అప్పు ఇంకా ఉంది. పిల్లవాడు ఒక సంవత్సరం చదువు నష్టపోయాడు. ఇప్పుడు తనకు నచ్చిన వేరే కోర్సులో చేరాడు. కొన్ని ఉదయాలు ఇప్పటికీ కష్టంగానే గడుస్తాయట. అయితే నొప్పి వచ్చినప్పుడు "ఈ రోజు భయంగా ఉంది అబ్బా" అని నోటితో చెబుతున్నాడు, తండ్రి వింటున్నాడు. మొన్న మేము ఆ పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఆనాటి మా అరగంట ఉపదేశానికి క్షమాపణ అడిగాము. అతడు నవ్వి, "పర్వాలేదు ఇమాం సాబ్, ఈసారి నేను మాట్లాడతాను, మీరు వినండి" అన్నాడు. మేము విన్నాము.

ఈ రోజు ఇంటికి వెళ్లి భోజనానికి కూర్చున్నప్పుడు మీరూ ఆ పని చేయండి. ఇంట్లో అందరికంటే తక్కువ మాట్లాడే బిడ్డను ఒక్క ప్రశ్న అడిగి, సమాధానం పూర్తయ్యే వరకు అడ్డు తగలకుండా వినండి.

ఓ అల్లాహ్! మా ఇళ్లలో ప్రేమను, కరుణను నింపు. మా బిడ్డలను మా కన్నులకు చల్లదనంగా చేయి, మమ్మల్ని వారికి ఆశ్రయంగా చేయి. మాలో తెగిన బంధాలను కలుపు. ఆ మే నెల రాత్రి మరణించినవారి కుటుంబాలకు ఊరటను, వ్యాధిగ్రస్తులకు స్వస్థతను ప్రసాదించు. మా పొరపాట్లను ఒప్పుకునే వినయాన్ని మాకు దయచేయి. ఆమీన్.

అల్లాహ్ దాసులారా! లేవండి, వరుసలు సరిచేసుకోండి, నమాజు స్థాపించండి.